బండి లాగట్లేదండి బావగారూ, వెదరు!

మా బావమరిది కారు నెల రోజులుగా లాగట్లేదు. ఎందుకో వాడికి బాగా తెలుసు. వెదరు, అంటే వాతావరణం.

మన గోదావరి జిల్లాల్లో చేను పడిపోతే వెదరు, కొబ్బరి పిందె రాలితే వెదరు, రొయ్య తేలిపోతే వెదరు. ఈ మూడింటికీ అర్థముంది. ఇప్పుడు క్లచ్చి ప్లేటు మాడిన వాసనొచ్చినా వెదరే. మీ ఇంట్లోనూ ఇలాంటి శాస్త్రజ్ఞుడు ఒకడుండే ఉంటాడు, కాబట్టి వాడి రూపురేఖలు వర్ణించి మీ టైము తినను. ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. మద్దెల ఓడైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. గాలే ఓడంటే ఎక్కణ్ణించి తెస్తాం?

పొద్దున్నే కాఫీ కన్నా ముందు ఫోన్లో తేమ శాతం చూస్తాడు. "ఎనభై రెండండి బావగారూ. గాలి బాగా బరువెక్కిపోయింది. ఇంజను మింగలేకపోతోంది" అంటాడు, చంటిపిల్లకి అజీర్తి చేసిందని డాక్టరుకి చెప్పే తల్లి మొహంతో.

ఒరే నాయనా, తేమ చేరితే గాలి బరువెక్కదు, తేలికవుతుంది. నీటి ఆవిరి అణుభారం 18, పొడిగాలిది సగటున 29. బరువనిపించేది మన ఒంటికి, గాలికి కాదు. ఆవిరి వచ్చి కూర్చున్న మేరకు అసలు గాలి లేచిపోవాలి. పెళ్ళి పంక్తిలో ఆఖరి నిమిషాన పిలవని చుట్టాలు దిగబడితే ఇంటివాళ్ళకి ఆకు దొరకదు చూడండి, అలా ఆక్సిజన్‌కి చోటు దొరకదు.

ఎండ సంగతీ అంతే. 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది, 40 దగ్గర 1.127 మాత్రమే. సిలిండరు గాలిని కుంచంతో కొలుచుకుంటుంది తప్ప కాటా వెయ్యదు. కుంచం నిండినట్టే ఉంటుంది, సరుకు తగ్గుతుంది. ఆ తగ్గిన గాలికి తగ్గట్టే కంప్యూటరు పెట్రోలు పోస్తుంది. పైగా వేడిగాలికి ఇంజను టకటకా కొట్టుకుంటుందేమోనని నిప్పురవ్వని కాస్త ఆలస్యంగా వదులుతుంది. అంటే వాడు చెప్పేదాంట్లో నిజం ఉంది. నా బాధంతా అదే. ఒట్టి అబద్ధమైతే తిట్టి ఊరుకుందును.

కానీ ఎంత నిజం? గాలిని ఒత్తి కూరే టర్బో లేని 80 గుర్రాల (హార్స్‌పవర్) పెట్రోలు ఇంజనుకి మన ఉక్కపోతలో ఐదారు గుర్రాలు సెలవు పెడతాయి. మిగతా డెబ్భై నాలుగూ ఏం చేస్తున్నట్టు? చేలో మేస్తున్నాయా? ఏసీ కంప్రెసరు మింగే మూడు నాలుగు గుర్రాల ఊసు వాడు ఎత్తడు.

"ఊటీలో చూడాల్సిందండి, ఆ చల్లగాలికి బండి ఎగిరిపోయింది" అంటాడు. ఊటీ ఉన్నది 2,240 మీటర్ల ఎత్తున. అక్కడ గాలి ఎంత చల్లగా ఉన్నా మన రోహిణి కార్తె గాలి కన్నా సుమారు ఆరో వంతు పలచన. సముద్రమట్టాన్ని అంటిపెట్టుకుని, ఇంజన్లకి ఇంత చిక్కటి గాలి పోస్తున్న డెల్టాలో పుట్టి, గాలి చాలదని ఏడుస్తాడు. ఊటీలో ఎగిరింది బండి కాదు, కొత్త పెళ్ళికొడుకు.

అసలు కథ పంటు మీద, అంటే బళ్ళనీ జనాన్నీ గోదావరి దాటించే బల్లకట్టు మీద, జరిగింది. నరసాపురంలో పెళ్ళి చూసుకుని సఖినేటిపల్లి రేవుకి తిరిగొస్తున్నాం. మధ్యాహ్నం పన్నెండున్నర. కారులో నేను, మా ఆవిడ, అత్తగారు, చక్రం ముందు వాడు. డిక్కీలో ఆవకాయకని రెండు బస్తాల మామిడికాయలు. అత్తగారి ఒళ్ళో పూతరేకుల పెట్టె. ఏరు పాటు మీదుంది, నీళ్ళు లాగేసి రేవు వాలు నిటారుగా తేలింది. పంటు ఆగింది, ఇనపరేకు దించారు. మోటారు సైకిళ్ళు గట్టెక్కేశాయి. మేకలు ఎక్కేశాయి. ఎండుచేపల గంపతో ఒక ముసలమ్మ ఎక్కేసింది. మా కారు ముందు చక్రాలు రేకు దాటి, సగం వాలులో "హుం" అని ఆగిపోయింది.

వెనక పంటు మీద హారన్ల మేళం. వాడు అద్దం రెండంగుళాలు దించాడు, చల్లగాలి పోకుండా. ఆ సందులోంచి రేవు జనానికి ఉపన్యాసం మొదలెట్టాడు. "హ్యుమిడిటీ ఎక్కువైందండి. ఆక్సిజన్ అందట్లేదు. సాయంత్రం చల్లబడితే తనే ఎక్కేస్తుంది." సాయంత్రందాకా పంటు ఆపుదామని వాడి ఆలోచన. ఒకాయన చాలా శ్రద్ధగా విని, "అయితే దీనికి సెలైను పెట్టించాలాండి?" అన్నాడు. మావాడు తల అడ్డంగా ఊపి, దానికీ గంభీరంగా వివరణ ఇచ్చాడు. రెండు బస్తాల మామిడికాయల ప్రస్తావన ఎక్కడా రాలేదు. అత్తగారి ప్రస్తావన నేనెలాగూ తేలేను.

చివరికి ఆరుగురు కుర్రాళ్ళు లుంగీలు ఎగ్గట్టి వెనక భుజాలు పెట్టారు. కాళ్ళ కింద కాలే ఇనపరేకు. ఒకడి చెప్పు ఊడి రేకు మీదుండిపోయింది, ఉత్తికాలితోనే తోశాడు. లోపల ఏసీ మోగుతూనే ఉంది. "ఒరే, ఆ చల్లమిషను ఆపి దిగరా, వాళ్ళు చచ్చిపోతున్నారు" అని అత్తగారు పూతరేకుల పెట్టెతో సహా తానే ముందు దిగింది. బండి గట్టెక్కింది. వాడు అద్దంలోంచి యాభై రూపాయలిచ్చాడు. ఆరుగురికి.

ఇక్కడ నాకు నవ్వు రావట్లేదు. ఇంజనుకి సవరణ సూత్రం ఉంది. ఎండరోజున పరీక్షిస్తే, 25 డిగ్రీలూ 99 కిలోపాస్కళ్ళ పీడనంలోని పొడిగాలీ ప్రమాణంగా పెట్టుకుని, "దాని తప్పేం లేదు, గాలి వల్ల తగ్గింది" అని పోయిన గుర్రాల్ని కాగితం మీద తిరిగిచ్చేస్తారు. తోసిన మనిషికి ఏ సూత్రం ఉంది? ఇంజనుకి రేడియేటరుంది, ఫ్యానుంది. ఆ ఎండలో మనిషిని కాసేది చెమటొక్కటే. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. మన తేమలో అది ఆరదు, ఊరికే కారిపోతుంది. కొబ్బరి దింపు తీసేవాడో, చెరువు గట్టున మేత బస్తాలు మోసేవాడో "ఇవాళ తేమ ఎనభై అండి, కాస్త తక్కువ పని చేస్తాను" అంటే మనం ఊరుకుంటామా? కారు ఆగితే వెదరు, కూలోడు ఆగితే ఒళ్ళు బద్ధకం! యాభై రూపాయలు పారేసి, వడదెబ్బ తగిలితే "మజ్జిగ తాగొచ్చుగా" అంటాం. సిగ్గుండాలి మనకి.

సరే, మర్నాడు మెకానిక్కు బానెట్టెత్తాడు. వీడు తేమ శాతం చెప్పబోతే, ఆయన వినకుండా గాలి ఫిల్టరు డబ్బా క్లిప్పులు టకటకా ఊడదీశాడు. లోపల ఫిల్టరు కనపడలేదు. వరిగడ్డి, కొబ్బరిపీచు, అత్తగారి పాత జాకెట్టు ముక్క, వాటి మధ్య గులాబీ రంగు ఎలకపిల్లలు ఐదు, కళ్ళు కూడా తెరవలేదు. దాళ్వా మాసూళ్ళు, అంటే రెండో పంట వరి నూర్పిళ్ళప్పటి నుంచీ కారుని గడ్డిమేటు పక్కనే పెడుతున్నాడు మరి.

మెకానిక్కు నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను. వాడు ఆ పిల్లల్ని చాలాసేపు జాలిగా చూసి, నిట్టూర్చాడు.

"చూశారా బావగారూ, బయట ఉక్క తట్టుకోలేకే కదండీ పాపం, ఇందులోకి దూరింది?"