హోదాకు తగిన జబ్బు

కోటి రూపాయల కారుకు చిన్న జబ్బు రాకూడదు. వచ్చినా వచ్చిందని ఒప్పుకోకూడదు. ప్రజాప్రతినిధికి జ్వరం వస్తే మండల కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, చీటీ రాయించుకుని, రెండు మాత్రలు మింగి ఇంటికి వెళతాడా? హైదరాబాదులో పెద్దాసుపత్రిలో చేరాలి, గేటు బయట కెమెరాలు నిలబడాలి, సాయంత్రానికి బులెటిన్ రావాలి. మనుషులకు ఇస్తున్న ఈ మర్యాద యంత్రాలకు దక్కడం లేదని బాధపడేవారు ఒకసారి మిర్యాలగూడ వచ్చి చూడాలి. ఇక్కడ దక్కుతోంది.

మిర్యాలగూడ అంటే బియ్యం మిల్లులు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ఇక్కడ బియ్యమవుతాయి, బియ్యం డబ్బవుతుంది, ఆ డబ్బు అక్కడక్కడా కారై నిలబడుతుంది. అలా నిలబడిన ఒక కారు గురించే నా బాధ. కంపెనీ పేరు చెప్పను. యజమాని పేరు అసలే చెప్పను, నేను ఈ ఊళ్లోనే బతకాలి.

ఆ కారు ఇంజనుకు ఎనిమిది సిలిండర్లు, వాటి నెత్తిన సూపర్‌ఛార్జర్. అదేమిటని అడిగినవారికి యజమాని 'లోపల ఫ్యాను ఉంటుందిలే' అని చెబుతారు. నిజానికి సంగతి అంతకన్నా చోద్యంగా ఉంటుంది. ఇంజను తన క్రాంక్‌షాఫ్టు, అంటే తాను తిప్పే ప్రధాన ఇరుసు పుల్లీకి బెల్టు తగిలించి, దానితో రెండు రోటర్లను తిప్పి, మామూలుగా పీల్చగలిగిన దానికన్నా ఎక్కువ గాలిని తన గొంతులోకి తానే కుక్కుకుంటుంది. గాలి పెరిగితే కాలే పెట్రోలు పెరుగుతుంది, బలం పెరుగుతుంది. టర్బో అయితే పొగగొట్టంలో వృథాగా పోయే వాయువులతో తిరుగుతుంది. ఇది మాత్రం సొంత ఖర్చుతో తిరుగుతుంది. పూర్తి వేగంలో దీన్ని తిప్పడానికే పదుల హార్స్‌పవర్ పోతుంది. ఐదు హార్స్‌పవర్ బోరు మోటార్లు పది ఒకేసారి వేస్తే ఎంతవుతుందో అంత అనుకోండి. ఈ భారమంతా మోసేది ఒక రబ్బరు బెల్టు. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోనక్కర లేదు. యజమానీ పెట్టుకోలేదు.

దీని వంశం కూడా అంత రాజవంశమేమీ కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో పేటెంటు తీసుకున్న బ్లోయరు ఇది. మొదట కొలుములకు గాలి కొట్టింది, గనుల్లోకి గాలి పంపింది. జనం కొనుక్కునే కార్ల ఇంజన్ల మీదికి ఎక్కింది 1920లలో. అంటే పుట్టుకతో ఫ్యాక్టరీ సరుకే. ఈ సంగతి యజమానికి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇక జబ్బు. మెకానిక్కుల భాషలో రెండే మాటలు: పికప్ లేదు. నాలుగు వేల ఆర్‌పీఎం, అంటే ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగేదాకా కారు బాగానే లాగుతుంది. ఆపైన తొక్కితే బూస్టును, అంటే లోపలికి కుక్కిన గాలి ఒత్తిడిని చూపే ముల్లు పైకి వెళ్లినట్టే వెళ్లి కిందికి దిగుతుంది, ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలుగుతుంది. తెలిసినవారికి ఇందులోనే సగం జవాబు దొరుకుతుంది. గాలి పైపు క్లిప్పు వదులైనా, కుక్కిన గాలిని పక్కదారి పట్టించే బైపాస్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయినా బూస్టు మొదటి నుంచీ మందకొడిగానే ఉంటుంది. కింద బాగుండి పైకి వెళ్లాక పడిపోతుంటే ముందు బెల్టును చూడాలి. భారం పెరిగే కొద్దీ అది పుల్లీ మీద జారుతుంది. అయితే తెలిసినవారిని అడిగితే కదా.

మొదటి వైద్యం దిష్టికి జరిగింది. గ్రిల్లుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ కట్టారు. యాదగిరిగుట్టకు తీసుకెళ్లి వాహన పూజ మళ్లీ చేయించారు, ఈసారి గుమ్మడికాయ పెద్దది. న్యాయంగా చెప్పాలంటే ఈ వైద్యం వల్ల కారుకు ఎలాంటి నష్టమూ జరగలేదు. తరువాతి వైద్యాల గురించి ఆ మాట అనలేను.

రెండో వైద్యుడు బానెట్ తెరవకుండానే 'ఇంజను దింపాలి' అన్నాడు. మన దగ్గర ఇది రోగనిర్ధారణ కిందికి రాదు, పలకరింపు కిందికి వస్తుంది. మూడో ఆయన హైదరాబాదులో ఉంటారు, కారును చూడకుండా ఫోనులోనే తేల్చేశారు: సూపర్‌ఛార్జర్ పూర్తిగా పోయింది, కొత్తది విదేశం నుంచి రావాలి, లక్షల్లో అవుతుంది. ఆ మాట విన్నాక యజమాని ముఖంలో చాలా కాలానికి ప్రశాంతత కనిపించింది. లక్షలు! పెళ్లి విందుల్లో, కమీషన్ ఏజెంట్ల దగ్గర తలెత్తి చెప్పుకోదగిన మాట. 'సామాను విమానంలో రావాలట' అని ఆయన నిట్టూర్చుతుంటే వినేవారిలో జాలి పోయి ఈర్ష్య మొదలైంది. బెల్టు జారుతోందని చెబితే ఎవరు ఈర్ష్యపడతారు? వాళ్ల మిల్లుల్లో రోజూ జారుతుంది.

స్కానర్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. స్టీరింగు కింద, డ్రైవరు మోకాలి దగ్గర, కారు కంప్యూటర్ తన దోషాలను చెప్పుకునే ఓబీడీ సాకెట్టు ఉంటుంది. అందులో స్కానర్ గుచ్చితే పీ0299 అనే కోడు వచ్చింది. ఆశించినంత బూస్టు అందలేదని దాని అర్థం. ఎందుకు అందలేదో కోడు చెప్పదు, అది మనిషి కనుక్కోవలసిన సంగతి. మనిషి ఏం చేస్తాడు? కోడును తుడిచేసే మీట నొక్కుతాడు. దీపం ఆరుతుంది. డబ్బు తీసుకుంటాడు. దోషం బయటపడిన క్షణంలో ఇంజను ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడెక్కింది, ఎంత భారం మీద ఉంది అన్న వివరాలను కారు కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేరుతో దాచిపెడుతుంది. ఆ మీటతో అవీ తుడిచిపెట్టుకుపోతాయి. అదే స్కానర్‌లో మరో పేజీ ఉంటుంది. కంప్యూటర్ ఎంత ఒత్తిడి కోరింది, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డులో నిజంగా ఎంత ఉంది అన్నది ఇంజను తిరుగుతుండగానే అందులో కనిపిస్తుంది. ఆ రెండు అంకెలూ ఏ ఆర్‌పీఎం దగ్గర విడిపోతున్నాయో చూస్తే చాలు. కానీ ఆ పేజీ తెరిస్తే దీపం ఆరదు, దీపం ఆరనిదే డబ్బు రాదు, కాబట్టి ఎవరూ తెరవరు. ఆర్పిన దీపం నల్లగొండ చేరకముందే మళ్లీ వెలిగింది. మళ్లీ ఆర్పించారు. దేవుడి ముందు దీపం పెట్టించడానికి ఖర్చు చేసేవారు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. ఆర్పించడానికి ఇంత ఖర్చు చేసింది మాత్రం ఈయనే.

జబ్బు పైన ఉంది కాబట్టి దాన్ని చూడాలంటే కారును చివరిదాకా తొక్కాలి. ఎక్కడ తొక్కాలి? చట్టం అడ్డు కాదు. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు, రెండో గేరులో ఆ లోపలే ఇంజను ఆరు వేలు దాటుతుంది. అడ్డం వచ్చింది వడ్లు. యాసంగి కోతలు మొదలు కాగానే మిర్యాలగూడ చుట్టూ రోడ్లలో సగం కల్లాలవుతాయి. వడ్ల అంచున రాళ్లు పేరుస్తారు, పక్కన టార్పాలిన్ మడిచి పెడతారు, దాని మీద ఒక ముసలాయన కూర్చుని వచ్చేపోయే బళ్లను చూస్తుంటాడు. కారు ఆ రాళ్ల పక్క నుంచి ఒక చక్రం మట్టిలో దించి పోవాలి. హారను కొట్టడానికి కూడా వీల్లేదు, ఆ వడ్లు రేపు ఈయన మిల్లుకే రావాలి. మిగిలిన సగంలో గేదెలు, ట్రాలీలు, ఊరికి రెండు స్పీడ్‌బ్రేకర్లు. కారు పొట్ట నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి ప్రతి స్పీడ్‌బ్రేకరునూ ఏటవాలుగా ఎక్కించి దింపాలి. ఐదు వందల హార్స్‌పవర్ ఇంజను ఈ జిల్లాలో ఎక్కువ కాలం చేసే పని ఇదే.

తరువాత ఎండ సిద్ధాంతం వచ్చింది. ఇందులో కొంత నిజం ఉంది, అందుకే ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. 45 డిగ్రీల ఎండలో గాలి పలచబడుతుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే అదే చోటులో సుమారు 6 శాతం తక్కువ పడుతుంది. సూపర్‌ఛార్జర్ దాన్ని నొక్కినప్పుడు ఇంకా వేడెక్కుతుంది. దాన్ని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్, అందులో నీళ్లు తిప్పడానికి వేరే కరెంటు పంపు ఉంటాయి. ఆ పంపు ఆగితే మొదటిసారి తొక్కినప్పుడు కారు బాగానే దూకుతుంది, రెండు మూడు సార్లు తొక్కాక నీరసిస్తుంది. ఇంజనులో నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి మండే టకటక చప్పుడు వినగానే కంప్యూటర్ స్పార్కును వెనక్కి జరిపి బలం తగ్గిస్తుంది. ఈ కారు మొదటిసారికే నీరసించింది, అదీ జనవరి చలిలో. అయినా దీన్ని వడదెబ్బగానే పరిగణించి, మిల్లు వెనక కారు పెట్టే షెడ్డులో ఏసీ పెట్టించారు.

ఆ చల్లదనాన్ని ఎలుకలు మెచ్చుకున్నాయి. తవుడుకు వచ్చే ఎలుకలు తవుడు తిని, బానెట్ కిందికి చేరి, ఒక సన్నని వాక్యూమ్ పైపును కొరికాయి. లెక్కలో లేని గాలి ఆ కంత గుండా లోపలికి పోయి, పెట్రోలు మిశ్రమం పలచబడి, ఇంజను ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరిగేటప్పుడు, వణకడం మొదలుపెట్టింది. ఒక జబ్బు రెండయింది. యజమాని గౌరవమూ రెట్టింపయింది.

పెట్రోలు గురించి ఎక్కువ చెప్పను. మూత లోపల కనీసం 95 ఆక్టేన్ పోయాలని రాసి ఉంది. కోటి ఖర్చుపెట్టినప్పుడు వణకని చేయి బంకులో ఖరీదైన పెట్రోలు దగ్గర వణికింది. పైగా ట్యాంకులో ఉన్నది పోయిన దసరాకు పోయించినది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు నిలవ ఉంటే తేమను పీల్చుకుంటుంది. కానీ పెట్రోలు మార్చడం వైద్యం అనిపించుకోదు.

చివరికి జబ్బును పట్టుకున్నది మిల్లు ఫిట్టరు. ఎలివేటరు బెల్టు బిగించడానికి వచ్చినవాడు, షెడ్డులో కారు స్టార్టులో ఉంటే దాటిపోతూ ఆగాడు. డ్రైవరును యాక్సిలరేటర్ ఒకసారి గట్టిగా తొక్కమన్నాడు. 'బెల్టు జారుతోంది సేటూ' అన్నాడు. ఇంజను ఆపించి టార్చి వేశాడు. సూపర్‌ఛార్జర్ పుల్లీ చుట్టూ, దాని కింది ప్లాస్టిక్ కవరు మీద సన్నని నల్లటి రబ్బరు పొడి. బెల్టు లోపలి గాడులు నిగనిగలాడుతున్నాయి. అరచేతిని పుల్లీకి తగలకుండా దగ్గరగా పట్టి వేడి చూశాడు, పక్క పుల్లీ దగ్గర పట్టి చూశాడు, తల ఊపాడు. బెల్టు మీద నూనె తడి ఉందేమోనని వేలితో రుద్ది చూశాడు, లేదు. పానాతో బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌ను నొక్కితే అది ఎదురు తిరగకుండా మెత్తగా వెనక్కి పోయింది. 'స్ప్రింగు చచ్చిపోయింది. రెండూ కలిపి మార్చాలి, బెల్టు ఒక్కటే వేస్తే మళ్లీ ఇదే.'

'మిల్లు బెల్టూ ఈ కారు బెల్టూ ఒకటేనా?' అని యజమాని గద్దించారు.

'బెల్టు వేరు సేటూ, జారడం ఒకటే.'

ఇంత పెద్ద కారుకు ఇంత చవక జబ్బు అని తేల్చినవాడిని ఏం చేయాలో మన చట్టాల్లో లేదు. నా సూచనలు కొన్ని ప్రభుత్వం పరిశీలించాలి. ఒకటి, ఫలానా ధర దాటిన కార్ల మీద మిల్లు ఫిట్టర్లు చెవి పెట్టడాన్ని నిషేధించాలి. రెండు, అలాంటి కార్ల బెల్టులను నగల దుకాణాల్లో, మఖమలు పెట్టెలో పెట్టి అమ్మాలి. మూడో సూచన అవసరం రాలేదు, యజమాని తానే దారి కనుక్కున్నారు. కారును లారీ మీదికి ఎక్కించి, పట్టపగలు బజారు రోడ్డు గుండా హైదరాబాదు పంపించారు. నడిచే కారును లారీ మీద పంపడం చూసి ఊరంతా జబ్బు పెద్దదేనని ఒప్పుకుంది. అక్కడ మార్చినది బెల్టూ టెన్షనరే. బిల్లులో మాత్రం అవి అట్టడుగున ఉన్నాయి, వాటి పైనంతా రకరకాల పరిశీలనలే. ఆ బిల్లును లామినేషన్ చేయించి ఆఫీసులో బల్ల అద్దం కింద పెట్టారు. పని మీద వచ్చినవారు కూర్చోగానే కనిపిస్తుంది.

కారు ఇప్పుడు ఆరు వేలు దాటాక కూడా పట్టు వదలకుండా లాగుతోంది. ఐడిల్‌లో వణుకు మాత్రం అలాగే ఉంది, ఎలుక కొరికిన పైపు అన్ని పరిశీలనల్లోనూ ఎవరి కంటా పడలేదు. ఫిట్టరు చూపించాడు గానీ, జానెడు రబ్బరు పైపు కోసం మళ్లీ హైదరాబాదు వెళ్లడం బాగుండదని యజమాని ఉద్దేశం. దుబాయిలో కనుక్కుంటున్నారు.