బావగారూ, అది అల్యూమినియమా?

మా హాలు కిటికీ పై అంచు నేల నుంచి 18 అడుగుల ఎత్తున ఉంది. ఇల్లు అమ్మిన రోజున బిల్డరు దీనిని "డబుల్ హైట్ హాలు" అని పిలిచి, ఆ పేరుకు విడిగా సొమ్ము వసూలు చేశాడు గానీ, ఆ గాజును ఎవరు, దేనితో, ఏ దారిన వెళ్లి తుడవాలో చెప్పలేదు. నేను అడిగినప్పుడు "అది ఫిక్స్‌డ్ గ్లాసు సార్, మెయింటెనెన్స్ ఉండదు" అన్నాడు. మెయింటెనెన్సు ఉండదంటే చేసే వీలుండదని అర్థమని అప్పట్లో నాకు తట్టలేదు. హైదరాబాదులో మా కాలనీ చుట్టూ అపార్టుమెంట్లు లేస్తూనే ఉంటాయి కనుక గాజుకు బయటివైపు సిమెంటు దుమ్ము, లోపలివైపు సాలెగూళ్లు పేరుకుని, కిటికీ పై సగం వెలుతురును ఇంట్లోకి రానివ్వడం మానేసింది.

ఇంతలో మా అమ్మాయికి సంబంధం కుదిరింది. కాబోయే వియ్యంకుడుగారు ఆదివారం పదకొండు గంటలకు మొదటిసారి మా ఇంటికి వస్తున్నారని తెలియగానే మా ఆవిడ చూపు ఆ పై సగం మీదకు పోయింది. వెదురు గడ చివర బూజు కర్ర కట్టి పనివాడితో దులిపిస్తే సరిపోతుందని ఆమె అన్నది. ఈ కాలంలో వెదురు గడ ఏమిటని నేను కిటికీలు తుడవడానికి పొడవుగా సాగే కర్రల కోసం ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టాను.

ఈ కర్రల ప్రపంచం చాలా పెద్దది. అల్యూమినియం కర్ర చవక, తేలిక. ఫైబర్ గ్లాసు కర్ర కొంచెం బరువు, కొంచెం ఖరీదు. కార్బన్ ఫైబరుది అన్నిటికన్నా తేలిక, గట్టిదనం, ధర చూస్తే మాత్రం కిటికీ మూయించేయడమే మేలనిపిస్తుంది. వీటిలో మళ్లీ మెలితిప్పి బిగించేవి కొన్ని, మీట నొక్కి బిగించేవి కొన్ని. నేను ఎంచుకున్నది మెలితిప్పే అల్యూమినియం కర్ర. దాని వివరాలలో "20 అడుగుల ఎత్తు వరకు అందుతుంది" అని పెద్ద అక్షరాలతో ఉంది. మా కిటికీ 18 అడుగులే కదా, రెండు అడుగులు మిగులుతాయని సంతోషించాను.

పెట్టె విప్పి కర్రను పూర్తిగా సాగదీస్తే 12 అడుగులు వచ్చింది. నాలుగున్నర అడుగుల గొట్టాలు మూడు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి, సాగదీసినప్పుడు ప్రతి కీలు దగ్గర ముప్పాతిక అడుగు లోపలే ఉండిపోవాలి, లేకపోతే పట్టు ఉండదు. కనుక 12 అడుగుల లెక్కలో మోసం లేదు. మరి తక్కిన 8 అడుగులు ఎక్కడని చూస్తే, ఆరడుగుల మనిషి నిలబడి చేయి చాచి పట్టుకున్నప్పుడు అందే ఎత్తు అని పెట్టె అడుగుభాగాన, భూతద్దం కావలసిన అక్షరాలలో ఉంది. అంటే వాళ్లు అమ్మింది 12 అడుగులు, 8 అడుగులు కొనుగోలుదారుడు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. నా వంతు సరుకు నా దగ్గర నిండుగా లేదని ఆర్డరు పెట్టేటప్పుడు ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

కర్రతో వచ్చిన వైపరు తల చిన్నది కావడంతో మా వీధి చివరి దుకాణంలో ఇంకొకటి తెచ్చాను. దాని మర వేరు, కర్ర మర వేరు. అమెరికా పద్ధతి కర్రలకు ముప్పాతిక అంగుళం లావున, అంగుళానికి అయిదు చుట్లు ఉండే మోటు మర ఉంటుంది. మన దుకాణాలలో దొరికే తలలకు ఎవరికి తోచిన మర వారు వేస్తారు. మధ్యలో ప్లంబర్లు వాడే తెల్ల టేపు దట్టంగా చుట్టి బిగించాను, ఊగలేదు.

ఆదివారం ఉదయం పదిన్నరకు నేను ముక్కాలి పీట ఎక్కి, ఒక చేయి గొంతు దగ్గర, రెండో చేయి తలకు పైన పెట్టి, ఆ కర్రను పట్టుకుని ఉన్నాను. కింది సగం తుడవడం, సబ్బు నీళ్లు కలపడం, మా ఆవిడ వద్దనడం, నేను వినకపోవడం అప్పటికే పూర్తయ్యాయి. వైపరు తల సరిగ్గా పై అంచుకు చేరి, మొదటిసారి ఒక అడుగు మేర గాజు మెరిసింది. ఆ మెరుపు చూసి ఇంకొంచెం పక్కకు జరిపాను. తల వెళ్లి పరదా కమ్మీకీ గోడకీ నడుమ ఇరుక్కుపోయింది.

పైకి తోస్తే పోదు, కిందికి లాగితే రాదు. వదిలేస్తే, పరదా కమ్మీ ఊడినా టేపు జారినా, 12 అడుగుల కర్ర ఒక పక్కకు పడితే షాండ్లియరు మీద, మరొక పక్కకు పడితే టీవీ మీద, వెనక్కి పడితే నా మీద పడుతుంది. ఈ మూడింటిలో మా ఆవిడకు తక్కువ బాధ కలిగించేది ఏదో ఆలోచించుకునే తీరిక కూడా నాకు లేకుండా, తడిసిన గుడ్డలోని సబ్బు నీళ్లు కర్ర వెంట మెల్లగా దిగి, మణికట్టు దాటి, చొక్కా చేతిలోంచి చంక దాకా ప్రయాణం చేయసాగాయి. ఉట్టి కొట్టే కుర్రవాడి మీద చుట్టూ ఉన్నవాళ్లు నీళ్లు పోస్తారు, నా విషయంలో ఆ పని కర్రే చేసింది.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది. పదకొండు గంటలకు రావలసిన మనిషి పదిన్నరకే వచ్చారు. విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవారు, అన్నిటికీ ముందే వెళ్లడం వారికి అలవాటట. మా ఆవిడ తలుపు తీసింది. ఆయన లోపలికి వచ్చి, రెండు చేతులూ జోడించి, "నమస్కారం బావగారూ" అన్నారు.

కాబోయే వియ్యంకుడికి తిరిగి నమస్కారం పెట్టలేని స్థితి ఎలా ఉంటుందో చెప్పాలంటే కొంత స్థలం కావాలి. ఒక చేయి వదిలితే కర్ర తిరుగుతుంది. తల వంచితే పీట కదులుతుంది. చివరికి కనురెప్పలు ఒకసారి గట్టిగా మూసి తెరిచి, "రండి బావగారూ, కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చోలేదు. పీట చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కర్రను కింది నుంచి పైదాకా చూసి, "బావగారూ, అది అల్యూమినియమా, ఫైబర్ గ్లాసా?" అని అడిగారు.

"అల్యూమినియం" అన్నాను.

"పొరపాటు చేశారు" అన్నారాయన, సంతోషంగా. "మీ ఇంటి బయట పదకొండు కేవీ లైను పోతోంది, వస్తూ చూశాను. ఇదే కర్రతో బయటి గాజు తుడవబోయి ఉంటే మనం ఈ పూట ముహూర్తం గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. అల్యూమినియంలో కరెంటు పారుతుంది. కార్బన్ ఫైబరులో పారదని చాలామంది అనుకుంటారు, దానిలోనూ పారుతుంది. పొడిగా ఉన్న ఫైబర్ గ్లాసు నయం, తడిస్తే దానినీ నమ్మకూడదు."

ఇంట్లో, గాజుకు ఇవతల, పీట మీద ఉన్న నాకు ఆ లైను అప్పటికి పెద్ద సమస్య కాదు. ఆ సంగతి మనవి చేసుకుందామనుకుంటే, ఆయన కర్ర మధ్యలో వంపు దగ్గరికి వెళ్లారు. "పొడవు రెట్టింపైతే కొన మీద అదే బరువుకు వంపు ఎనిమిది రెట్లవుతుంది. ఇది పన్నెండు అడుగులు కదా? ఆరడుగుల కర్ర అయితే ఇంత వంగదు." ఆరడుగుల కర్ర అయితే కిటికీ దాకా పోదన్న వాస్తవాన్ని ఆయన ఇంజనీరింగు లెక్కలోకి తీసుకోలేదు. నా భుజాలు వణకడం మొదలైంది. మా ఆవిడ కాఫీ తెచ్చి, ఎవరికి ఇవ్వాలో తెలియక, రెండు గ్లాసులు పట్టుకుని నిలబడింది.

ముందురోజు రాత్రి చదివిన ఒక సంగతి ఆ సమయంలో నాకెందుకో గుర్తుకొచ్చింది. పూర్వం కిటికీలు తుడిచే వైపర్లు బరువైన ఉక్కువి, రెండేసి రబ్బరు పలకలు, వాటిని మార్చాలంటే పన్నెండు మరలు విప్పాలి. ఇటలీ నుంచి అమెరికా వచ్చి కిటికీలు తుడుచుకుని బతికిన ఎటోరే స్టెకోనె అనే మనిషి 1936లో ఓక్లాండ్‌లో ఒకే రబ్బరు పలకతో, ఇత్తడితో, చేతిలో ఇమిడే తేలికైన వైపరు తయారు చేశాడు. ఈనాటి వైపర్లన్నీ దాని సంతానమే. అంత ఆలోచించిన మహానుభావుడు, చివర ఇరుక్కుపోతే కింద ఉన్నవాడు ఏం చేయాలన్నది కూడా ఆలోచించి పోయి ఉంటే ఎంత బాగుండేదని నాకు బాధ కలిగింది.

"బోరు నీళ్లేనా?" అని వియ్యంకుడుగారు బకెట్‌లోకి చూసి అడిగారు. అవునన్నాను. "ఆరాక తెల్ల మచ్చలు పడతాయి. కాల్షియం. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుంటే మంచిదని మన ప్రమాణం, బోరు నీళ్లకు ఆ సంగతి తెలియదు. విదేశాలలో లవణాలన్నీ తీసేసిన నీటిని గొట్టం ద్వారా కర్ర కొసకు పంపి కడుగుతారు, తుడవనే అక్కర్లేదు, ఆరితే మచ్చ ఉండదు." తరువాత ఆయన చొక్కా చేతులు మడిచారు. "చెల్లెమ్మగారూ, మీరు కంగారు పడకండి. బావగారూ, ఎడమవైపుకు మెల్లగా తిప్పండి, తల సర్దుకుని బయటికి వస్తుంది."

ఆయన చెప్పినది సిద్ధాంతపరంగా సరైనదే. అయితే ఎడమవైపుకు తిప్పితే ఊడేవి ఆ కర్రకు మూడున్నాయి. తల ఒకటి, కీళ్లు రెండు. నేను తిప్పాను. పైన టేపు చుట్టిన మర ఊడింది, తల పరదా కమ్మీని విడిచిపెట్టలేదు. అదే క్షణంలో రెండు కీళ్లూ వదులై, 12 అడుగుల కర్ర సర్రున జారి, గొట్టంలో గొట్టం దూరి, నాలుగున్నర అడుగుల కర్రగా నా చేతుల్లో మిగిలింది. ఆ ముడుచుకోవడంలో లోపలి గొట్టంలో చేరిన సబ్బు నీళ్లన్నీ ఒక్కసారి బయటికి చిమ్మి, ఆరడుగుల దూరంలో నిలబడిన వియ్యంకుడుగారి తెల్లటి లాల్చీని చేరాయి. ఇంత ఖచ్చితమైన అందుబాటు ఆ కర్ర చూపించడం అదే మొదలు.

ఆయన లాల్చీ దులుపుకుని, "మీట నొక్కే రకం కొని ఉంటే ఇలా జారదు" అని మాత్రం అన్నారు. ముహూర్తం మాటలు సవ్యంగానే జరిగాయి. మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్లు పైనున్న వైపరు తల మీదే ఉన్నాయి. పనివాడు వెదురు గడ తెచ్చి చూశాడు గానీ, అది ఇరుక్కున్న చోటికి పరంజా కట్టవలసిందేనని చెప్పి వెళ్లాడు. పరంజా ధర కర్ర ధరకు చాలా రెట్లు ఉంది.

కర్రను వాపసు ఇస్తానని అమ్మినవారికి రాశాను. మెరుగైన సేవ అందించడానికి నా ఎత్తు ఎంతో తెలపమని ముందు అడిగారు, తెలిపాను. చింతిస్తున్నామని, వాపసుకు అభ్యంతరం లేదని, అయితే కర్రకు బిగించిన భాగాలతో సహా అన్నిటినీ పెట్టె పక్కన నేల మీద పరిచి, ఒకే ఫొటోలో స్పష్టంగా కనిపించేలా తీసి పంపాలని జవాబు వచ్చింది. ఆ తల మీరు అమ్మినది కాదు, వీధి చివర కొన్నది అని రాశాను. అలాగైతే వేరే తల బిగించినందుకు వారంటీ వర్తించదని రాశారు. మీ తల పెట్టెలోనే భద్రంగా ఉంది, పంపిస్తాను అని రాశాను. మా సమాధానం మీకు సంతృప్తి కలిగించిందా, అయిదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తారు అని అడిగారు.