ముందు కాటా, ఆ తర్వాతే టైరు

పికప్ తొట్టె మీద క్యాంపర్, అంటే పడక, వంటగట్టు ఉన్న చిన్న ఇల్లు లాంటిది, ఎక్కించుకుని తిరిగేవాళ్ల మధ్య టైర్ల సంగతి ఎత్తితే చాలు, ప్రతివాడి దగ్గరా ఒక బ్రాండ్ పేరు సిద్ధంగా ఉంటుంది. ఒకాయన మిషెలిన్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దంటాడు. ఇంకొకాయన టోయో అంటాడు. మూడో ఆయన "పది ప్లై ఉందా లేదా, అది చూసుకో చాలు" అని తీర్పు చెప్పేస్తాడు. అసలు నీ బండి వెనక యాక్సిల్ మీద ఎంత బరువు పడుతోందయ్యా అని మాత్రం ఒక్కడూ అడగడు. సలహా ఇచ్చేవాళ్లు అడగరు సరే, డబ్బులు పెట్టి కొనేవాడికీ తెలియదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

బరువు తెలియకుండా టైరు ఎలా ఎంచుకుంటారు? చాలామంది క్యాంపర్ బ్రోచర్లో ఉన్న డ్రై వెయిట్ చూసి లెక్క కట్టేస్తారు. ఆ అంకెలో నీళ్లుండవు, గ్యాస్ ఉండదు, తర్వాత పెట్టించుకున్న ఏసీ, రెండో బ్యాటరీ, పక్కకి దించుకునే గుడారం ఏవీ సాధారణంగా ఉండవు. 150 లీటర్ల ట్యాంకు నింపితే అదే 150 కేజీలు. 20 పౌండ్ల గ్యాస్ సిలిండర్లు రెండు నిండుగా పెడితే ఇంకో 34 కేజీలు. ఆపైన గిన్నెలు, దుప్పట్లు, మడత కుర్చీలు, పనిముట్ల పెట్టె, పిల్లల సైకిళ్లు. ఇదంతా ఎక్కువగా పడేది వెనక యాక్సిల్ మీదే. ముందు చక్రాలు దాదాపు ఎప్పుడూ మోసేదే మోస్తుంటాయి.

కాబట్టి ట్యాంకులు నింపి, సామాను సర్ది, ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చున్నాక బండిని తిన్నగా లారీలు తూచే కాటాకి తీసుకెళ్లండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూచి స్లిప్పు తీసుకోండి. కాటా వాళ్లు ఒప్పుకుంటే, చుట్టూ నేల చదునుగా ఉంటే, ఒక వైపు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీదుండేలా నిలిపి ఇంకోసారి తూయండి. ఈ రెండో తూకాన్ని అందరూ వదిలేస్తారు, కానీ అసలు కథ అక్కడే బయటపడుతుంది.

లెక్క కోసం వెనక యాక్సిల్ మీద 2,750 కేజీలు పడుతోందనుకుందాం. టైరు ఒక్కోటి 1,450 కేజీలు మోస్తుంది. రెండూ కలిపి 2,900, ఇంకా 150 కేజీల వెసులుబాటు ఉందని కాగితం మీద సంతోషంగా కనిపిస్తుంది. కానీ క్యాంపర్లో ఫ్రిజ్జు, వంటగట్టు, బయటికి జరిగే స్లైడ్ అన్నీ ఎడమవైపే ఉన్నాయి. పక్కలు విడిగా తూస్తే ఎడమ 1,480, కుడి 1,270. అంటే ఎడమ టైరు ఇప్పటికే 30 కేజీలు మించిపోయింది. కుడి టైరులో మిగిలిన సామర్థ్యం ఎడమ టైరుకి అప్పు ఇవ్వడం కుదరదు. నన్నడిగితే, ఎక్కువ బరువు పడే ఆ ఒక్క చక్రాన్నే లెక్కలోకి తీసుకుని, దానిమీద కనీసం పది శాతం మిగులు ఉండేలా టైరు చూసుకోవాలి.

ఇక ఆ పది ప్లై గొడవ. ఈ మాట గుడ్డ పొరలతో టైర్లు చేసిన రోజుల నుంచి వస్తోంది. ఇప్పటి రేడియల్ టైరు పక్కభాగంలో మామూలుగా ఉండేవి రెండు పాలిస్టర్ పొరలు, ట్రెడ్ (రోడ్డుకి తగిలే భాగం) కింద రెండు స్టీలు బెల్టులు, కొన్నింటిలో పైన నైలాన్. టైరు కోసి చూసినా పది పొరలు దొరకవు. పది ప్లై అంటే ఇప్పుడు లోడ్ రేంజ్ ‘ఈ’ అనే అర్థం, అంతే. ఆ ‘ఈ’ కూడా టైరు ఎంత బరువు మోస్తుందో నేరుగా చెప్పదు, ఎంత గాలి ఒత్తిడి దాకా నింపొచ్చో చెబుతుంది. మామూలు లైట్ ట్రక్ (ఎల్‌టీ) సైజుల్లో ‘సి’ అంటే 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ‘డి’ అంటే 65, ‘ఈ’ అంటే 80. బరువు సంగతి తేల్చేది సైజు పక్కనే ఉండే లోడ్ ఇండెక్స్. ఎల్‌టీ 245/75 ఆర్16 లోడ్ రేంజ్ ‘ఈ’ టైరు మీద 120/116 అని ఉంటుంది. 120 అంటే 1,400 కేజీలు. ఎల్‌టీ 275/70 ఆర్18 కూడా ‘ఈ’నే, కానీ దాని మీద 125/122. అంటే 1,650 కేజీలు. అదే అక్షరం, అదే 80 పీఎస్ఐ, చక్రానికి 250 కేజీల తేడా! ఇందాకటి 1,480 కేజీల చక్రం కింద మొదటిది పెడితే ప్రమాదం, రెండోది పెడితే నిశ్చింత. షాపులో రెండిటి గురించీ చెప్పేది మాత్రం ఒకటే, "సార్, ఇది పది ప్లై." గీత తర్వాత ఉన్న చిన్న అంకె వెనకాల జంట చక్రాలున్న బండ్లకి. ఒక్కో వైపు ఒక్కటే చక్రమైతే మొదటి అంకెనే చూడాలి.

సైజు ఒకటే కదా అని పీ-మెట్రిక్, అంటే ప్యాసింజర్ కారు టైరు వేయించుకునేవాళ్లని చూస్తే ఇంకా భయమేస్తుంది. పీ 265/70 ఆర్17 టైరు లోడ్ ఇండెక్స్ 113, అంటే 1,150 కేజీలు. అమెరికా నిబంధన ప్రకారం ప్యాసింజర్ టైరుని ట్రక్కుకి వాడితే ఆ అంకెని 1.10తో భాగించాలి, మిగిలేది సుమారు 1,045. అదే సైజులో ఎల్‌టీ లోడ్ రేంజ్ ‘ఈ’ తీసుకుంటే 121, అంటే 1,450. పక్కపక్కన పెడితే చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. ఎస్‌టీ అని ఉన్న ట్రైలర్ టైర్ల జోలికైతే అసలు పోవద్దు. అవి లాక్కెళ్లే బండికి చేసినవే కావు.

ఇప్పుడు షోకు గురించి. క్యాంపర్ వచ్చింది కదా, బండి కాస్త గంభీరంగా కనబడాలని 35 అంగుళాల లావుపాటి టైర్లు వేయించుకునేవాళ్లున్నారు. పెద్ద టైరు కదా, ఎక్కువ మోస్తుందిలే అనుకుంటారు. కంపెనీ ఇచ్చిన ఎల్‌టీ 275/65 ఆర్20 లోడ్ ఇండెక్స్ 126, అంటే 1,700 కేజీలు. దాన్ని పీకేసి వేసే 35×12.50 ఆర్20, లోడ్ రేంజ్ ‘ఈ’ రకానికి ఉండేది సాధారణంగా 121. అది కూడా 65 పీఎస్ఐ దగ్గరే ఆగిపోతుంది. డబ్బు పోసి, మైలేజీ పోగొట్టుకుని, స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంటే సర్దుకుపోయి, చివరికి చక్రానికి 250 కేజీల సామర్థ్యం కూడా వదులుకున్నట్టు! దీన్ని అప్‌గ్రేడ్ అని పిలుస్తారు.

సరైన టైరే కొన్నారనుకుందాం. గాలి లేకపోతే ఆ అంకెలన్నీ ఉత్తవే. ఇందాకటి 245/75 ఆర్16 టైరు 80 పీఎస్ఐ దగ్గర సుమారు 1,400 కేజీలు మోస్తుంది, 50 దగ్గర 1,000 మాత్రమే. గాలి తక్కువైతే పక్కభాగం ప్రతి తిప్పుకీ ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది. ఆ వేడికి స్టీలు బెల్టుల మధ్య రబ్బరు పట్టు వదిలి ట్రెడ్ ఊడొస్తుంది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ దాదాపు 65 లక్షల టైర్లని వెనక్కి పిలిచింది ఈ ట్రెడ్ ఊడిపోయే సమస్యతోనే. వాటిలో చాలావరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకి వేసినవి. తప్పు టైరు తయారీదా, ఫోర్డ్ చెప్పిన 26 పీఎస్ఐదా, బండి డిజైనుదా అని రెండు కంపెనీలూ ఒకరి మీద ఒకరు తోసుకున్నాయి. ఆ ఏడాదే అమెరికాలో వచ్చిన ‘ట్రెడ్’ (TREAD) అనే వాహన భద్రతా చట్టం పుణ్యమా అని ఇప్పుడు గాలి తగ్గితే డాష్‌బోర్డులో లైటు వెలుగుతోంది.

ఆ లైటుని నమ్ముకుని కూర్చోవద్దు. డోరు పక్కన స్టిక్కర్ మీదున్న గాలిలో 25 శాతం తగ్గేదాకా అది వెలగకపోయినా నిబంధనకి లోబడి ఉన్నట్టే. స్టిక్కర్ మీద 80 ఉంటే, టైరు 60కి పడేదాకా మౌనంగా ఉండొచ్చు. 60 దగ్గర పైన చెప్పిన టైరు మోసేది 1,125 కేజీలే. పైగా బండి మొత్తం బరువు పరిమితి 4,536 కేజీలు దాటితే ఆ నిబంధనే వర్తించదు, పెద్ద పికప్పులు చాలావరకు ఆ కోవలోవే. కాబట్టి మంచి గేజ్ ఒకటి కొనుక్కుని, పొద్దున్నే బండి కదలకముందు చూసుకోవడమే దారి. రాత్రికి రాత్రి పది డిగ్రీల చలి పెరిగితే 80 ఉన్న టైరు మూడు పీఎస్ఐ దాకా తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో నడిచాక గేజ్ 90 చూపించిందని టెన్షన్ పడి గాలి తీసేయకండి, అది వేడికి పెరిగిన గాలి. క్యాంపర్ దించేశాక మాత్రం వెనక టైర్లని 80లో ఉంచక్కర్లేదు. ఖాళీ బండి బంతిలా ఎగురుతుంది, ట్రెడ్ నడుమ భాగం ఒక్కటే అరుగుతుంది. టైరు కంపెనీ లోడ్ పట్టిక చూసి తగ్గించుకోండి.

టైర్లు మార్పించేటప్పుడు షాపులో పక్కనే నిలబడి ఒక్కటి చూడండి. రిమ్ముకి వాళ్లు ఏ వాల్వ్ పెడుతున్నారు? మామూలు కార్లకి నొక్కి దూర్చే రబ్బరు వాల్వ్ 65 పీఎస్ఐ వరకే పనికొస్తుంది. 80 పెట్టే టైరుకి హై ప్రెషర్ వాల్వో, నట్టుతో బిగించే ఇత్తడి వాల్వో కావాలి. చేతికి దొరికింది తగిలించేసే షాపులు బోలెడు. అంత ఖరీదైన టైర్ల కింద చిల్లర ఖరీదు చేసే రబ్బరు ముక్క! అలాగే రిమ్ము వెనకవైపు దాని లోడ్ పరిమితి అచ్చు వేసి ఉంటుంది, అదీ చదవండి. 1,650 కేజీల టైరుని 1,400 కేజీల రిమ్ముకి ఎక్కిస్తే చేతిలో ఉన్నది 1,400 కేజీల చక్రమే.

ఈ లెక్క పట్టుకునే కొందరు మరో గొప్ప తీర్మానానికి వస్తారు. పెద్ద టైర్లు వేశాం, వెనక స్ప్రింగులకి ఆసరాగా గాలి సంచులు (ఎయిర్ బ్యాగులు) పెట్టాం, ఇక ఎంత బరువైనా పర్వాలేదని. యాక్సిల్, బ్రేకులు, బేరింగులు అవే కదా? డోరు పక్కన స్టిక్కర్ మీదున్న యాక్సిల్ పరిమితి టైరు మార్చినంత మాత్రాన పెరగదు. తూకంలో ఆ పరిమితే దాటిందని తేలితే కొనాల్సింది టైర్లు కాదు. క్యాంపర్ అన్నా చిన్నది కావాలి, బండన్నా పెద్దది కావాలి. ఈ మాట ఎవరికీ నచ్చదు, తెలుసు.

ట్రెడ్ డిజైన్ మీద జరిగే వాదనలన్నీ దీని తర్వాతే. ఎక్కువగా తారు రోడ్డు మీదే తిరుగుతూ, పైన అంత ఎత్తు బరువు పెట్టుకున్నప్పుడు లోతైన బటన్ల మడ్ టైరు ఎందుకో నాకర్థం కాదు. ఆ బటన్లు ఒక్కొక్కటీ వంగుతుంటే బండి ఊగుతున్నట్టే ఉంటుంది. హైవే ట్రెడ్ చాలు. మట్టి రోడ్లు, మంచు తగిలేవాళ్లకి మంచులో పట్టుందని చెప్పే మూడు శిఖరాల మంచు గుర్తున్న ఒక మోస్తరు ఆల్ టెరైన్ (అన్ని రకాల నేలకీ పనికొచ్చే టైరు). మరీ భారీ క్యాంపర్ ఉన్నవాళ్లు 19.5 అంగుళాల కమర్షియల్ చక్రాలకి మారతారు. బరువు విషయంలో దిగులుండదు గానీ ఖాళీ బండిలో నడుము విరుగుతుంది, ట్రెడ్ రకాలూ తక్కువే దొరుకుతాయి.

వయసు చూడటం మరిచిపోవద్దు. క్యాంపర్ బండ్లు ఏడాదిలో ఎక్కువ కాలం నిలబడే ఉంటాయి, అందుకే టైర్లు గుండు కాకముందే ముసలివైపోతాయి. టైరు పక్కభాగం మీద అచ్చు వేసి ఉండే డాట్ (DOT) కోడ్ చివరి నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటితే ట్రెడ్ ఎంత ఉన్నా తీసేయమని మిషెలిన్, కాంటినెంటల్ లాంటి కంపెనీలే చెబుతాయి. ఇంత బరువు కింద నేనైతే అన్నాళ్లు ఆగను. కొత్తవని అమ్మే టైర్ల మీద కూడా ఆ అంకె చదివాకే బిగించనివ్వండి.

చివరగా స్టెప్నీ. నాలుగూ మార్పిస్తారు, బండి కింద వేలాడే అయిదోదాన్ని అందరూ వదిలేస్తారు. అది కంపెనీ నుంచి వచ్చిన పాత టైరు, పాత సైజు, లోపల గాలి ఎంతుందో దేవుడికే తెలియాలి. అయిదోది కూడా అదే సైజు, అదే లోడ్ ఇండెక్స్‌తో కొనండి. కొన్నాక ఒక ఆదివారం క్యాంపర్ ఎక్కించి ఉండగానే ఇంటి దగ్గరే స్టెప్నీని కిందికి దించి చూడండి, క్యాంపర్ వెనక్కి పొడుచుకొచ్చిన భాగం అడ్డం రాకుండా దించే రాడ్డు లోపలికి వెళ్తుందో లేదో. బండితో వచ్చిన జాకీ ఇంత బరువుని లేపుతుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.