నేల విడవని సాము

నేల విడిచి సాము చేయొద్దని పెద్దలు ఊరికే అనలేదు. ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించేది బరువైన బార్‌తో స్క్వాట్ చేసేవాళ్లే. 150 కిలోలు భుజాలకెత్తుకుని కూర్చుంటారు, లేస్తారు. కాగితం మందం కూడా గాల్లోకి లేవరు. అయినా స్క్వాట్ పెరిగితే జంప్ దానంతటదే పెరుగుతుందని తీర్పిచ్చేస్తారు. ఎగరడం గురించి ఎగరనివాళ్లే చెప్పాలి, పక్షపాతం ఉండదు కదా!

భౌతికశాస్త్రానికే ఈ మర్యాద తెలియదు. పాదాలు నేలను వదిలే క్షణంలో ఉన్న వేగమే ఎంత ఎత్తు లేస్తామో తేల్చేస్తుంది. అర మీటరు ఎగరాలంటే సెకనుకు 3.1 మీటర్ల వేగం కావాలి, అదీ పావు సెకను అటూ ఇటూగా తోసే తోపులోనే. మోయగలిగినంత బరువు పెడితే స్క్వాట్‌లో బార్ సెకనుకు సగటున 0.3 మీటర్ల దగ్గర పాకుతుంది. పదింతలే కదా తేడా, సర్దుకుపోవచ్చు.

స్క్వాట్‌లో చివరి జానెడు చూడండి. మోకాళ్లు నిటారవుతున్నకొద్దీ తోపు తగ్గించాలి, లేదంటే బార్ భుజాల మీంచి ఎగిరి మళ్లీ మెడ మీదే పడుతుంది. మడమలు నేలకు అతుక్కునే ఉండాలి, వేగం సున్నాకి రావాలి. పోనీ బరువు తగ్గించి వేగంగా లేద్దామంటే బ్రేక్ ఇంకా ముందే పడుతుంది. జంప్‌లో అసలు పని జరిగేది సరిగ్గా అక్కడే. తుంటి, మోకాలు, వాటి వెనకే చీలమండ సాగి, పిక్క చివరి తోపు తోస్తుంది. ఎగరాల్సిన చోట ఆగిపోవడాన్ని ఇంత నిష్ఠగా సాధన చేసేవాళ్లు ఇంకెక్కడా దొరకరు.

ఇంకో ఘోరం. అడుగున ఆగి, పైకి లేచి ఆగే రెప్‌లో, అంటే ఒక్కసారి లేవడంలో, నేల మీద పడే సగటు బలం మనిషి, బార్ కలిసిన బరువుకి సరిగ్గా సమానం. ఎన్ని కేకలు పెట్టినా గ్రాము పెరగదు. 70 కిలోల మనిషి ఉత్త చేతులతో పావు సెకను తోపుతో అర మీటరు ఎగిరితే, ఆ కాసేపు సగటున దాదాపు 160 కిలోలకు సరిపడా నేలను తొక్కుతాడు. బార్ కొనకుండానే! ఇది మోసం కాక మరేమిటి?

కొత్తవాళ్లకి స్క్వాట్‌తో పాటు జంప్ కూడా పెరుగుతుంది, నిజమే. ఒంటి బరువుతో పోలిస్తే కాళ్ల బలం పెరుగుతుంది మరి. బరువుతోనే పైకి ఎగిరే జంప్ స్క్వాట్, నేల మీది బార్‌ని ఒక్క ఊపున భుజాలకెత్తే పవర్ క్లీన్ చేసేవాళ్లు దాదాపు చివరిదాకా తోస్తూనే ఉంటారు. చప్పుడెక్కువ, వాళ్లని ఓ మూలకి పంపేద్దాం.

మిగిలింది ఒక్కటే చిక్కు. బాస్కెట్‌బాల్ రింగు ఇంకా 3.05 మీటర్ల ఎత్తులోనే మొండిగా ఉంది. స్క్వాట్ ఇంత పెరిగినవాళ్లకి కూడా అందట్లేదంటే, దాన్ని కిందికి దించడమే న్యాయం.