అత్తకు మీసాలొస్తే ఏమయ్యేదో నాకు నిజంగానే కావాలి

“అలా జరగకపోయి ఉంటే ఏమయ్యేదో” అని నేను నోరు తెరవగానే ఎవరో ఒకరు “అత్తకు మీసాలొస్తే మామ అయ్యేది, వదిలెయ్” అంటారు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే అయినా విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే అలా కొట్టిపారేసినవాళ్ళే మర్నాడు “ఫలానా నాయకుడు ఇంకో ఐదేళ్ళు బతికుంటే మన రాత మారిపోయేది” అనీ, “ఆ కథ మా హీరో చేతిలో పడి ఉంటేనా” అనీ పేజీలకు పేజీలు రాస్తారు. అంటే వాళ్ళకు ఊహ మీద కోపం లేదు. తమవాళ్ళు గెలిచే ఊహ అయితే చాలు.

నాకు అలాంటి ఊహలు వద్దు. నా పద్ధతి ఇది: మార్చేది ఒక్కటే ఉండాలి, అదీ ఆ రోజుల్లో వెంట్రుకవాసిలో తప్పిపోయినదై ఉండాలి. మిగతా మనుషులు, వాళ్ళ స్వభావాలు, అప్పులు, పగలు అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉంచాలి. అక్కణ్ణుంచి కథ ఎటు పోతే అటు మనమూ పోవాలి. మనకు కష్టం కలిగించే చోటికైనా సరే.

1984 ఆగస్టు తీసుకోండి. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గారు తిరిగొచ్చారు. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, ఆయన మంత్రివర్గంలోనే ఉన్న నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. బలం నిరూపించుకోవడానికి కొత్త ముఖ్యమంత్రికి నెలరోజుల గడువు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి తన ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్ళి రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు నిలబెట్టాల్సి వచ్చింది. చివరికి సెప్టెంబర్ 16న మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఇప్పుడు ఒక్కటి మార్చండి. ఆ నెలరోజుల గడువు లేదు. “రెండు రోజుల్లో సభలో తేల్చుకోండి” అని గవర్నర్ రామారావు గారికే చెప్పారనుకోండి. ఆయన నెగ్గేవారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ తర్వాత? ఊరూరా ఆ ఉద్యమం ఉండేది కాదు. దేశంలోని ప్రతిపక్ష నాయకులంతా హైదరాబాద్ వచ్చి ఒకే వేదిక ఎక్కేవారు కాదు. ఇందిరాగాంధీ హత్య తర్వాత డిసెంబర్‌లో జరిగిన ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ 400 సీట్లు దాటితే, ఇక్కడ మాత్రం తెలుగుదేశం 30 గెలిచి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షంగా కూర్చుంది. ఆగస్టు గాయం లేకుండా ఆ 30 వచ్చేవా? వచ్చేవి కావనే నా నమ్మకం. అంటే న్యాయం ఆ రెండు రోజుల్లోనే జరిగి ఉంటే మనకు తెలిసిన ఎన్టీఆర్ కంటే చిన్న ఎన్టీఆర్ మిగిలేవారు.

ఈ మాట మా నాన్నతో అన్నాను. ఆయన అప్పుడు డిగ్రీ విద్యార్థి. సాయంత్రం ప్రాంతీయ వార్తల టైమ్‌కి కిళ్ళీ కొట్టు ముందు రేడియో చుట్టూ గుమిగూడేవాళ్ళట. ముందు వరసలో ఉన్నవాడు వార్త విని వెనకవాళ్ళకు అరిచి చెప్పేవాడట. నా ఊహ విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే మేం రోడ్డెక్కాల్సిన పనే ఉండేది కాదంటావ్” అన్నారు. గొంతులో కోపం ఉంది. ఆయన యౌవనంలో అన్నిటికంటే గర్వపడే నెలను నేను ఒక్క వాక్యంతో తుడిచేశాను మరి. ఆ కోపం చూశాక నా ప్రశ్న మీద నాకు ఇంకా నమ్మకం కుదిరింది.

ఆ నెలలోనే నన్ను వదలని ఇంకో విషయం ఉంది. ఎమ్మెల్యేలు చెయ్యిజారిపోకుండా మొదట దాచింది హైదరాబాద్ నాచారంలో రామారావు గారి సొంత రామకృష్ణా స్టూడియోలో. తర్వాతే కర్ణాటక క్యాంపు. స్టూడియో అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. చుట్టూ ప్రహరీ, గేటు, మేకప్ గదులు, వందల మందికి ఒక్క పూటలో వండి వడ్డించే అలవాటున్న మనుషులు, యజమాని మాటంటే మాటే అనుకునే సిబ్బంది. మన దగ్గర సినిమా, రాజకీయం కలిసిపోయాయంటే అందరూ డైలాగుల గురించీ, రాముడు కృష్ణుడి వేషాల గురించీ మాట్లాడతారు. నేనైతే ఆ గోడల గురించి మాట్లాడతాను. అదే ప్రజాదరణ ఉండి సొంత స్టూడియో లేని నాయకుడైతే మొదటి వారం దాటేవాడా? పదకొండేళ్ళ తర్వాత 1995 ఆగస్టులో అల్లుడు చంద్రబాబు వైపు తిరిగిన ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్లో ఉన్నారు. ఈసారి గోడలు ఆయనవి కావు. అప్పటికీ ఆయన ముఖం అదే, గొంతూ అదే.

సినిమాల దగ్గరికొస్తే ఊహలు మరీ అన్యాయంగా ఉంటాయి. అందరికీ తెలిసిన కథ ‘మిస్సమ్మ’. మేరీ పాత్రకు ముందు అనుకున్నది భానుమతి గారిని. కొంత షూటింగ్ కూడా అయ్యాక, ఆలస్యంగా వచ్చారన్న దగ్గర మొదలైన మాటపట్టింపు పెరిగి నిర్మాత చక్రపాణి గారు ఆమెను తప్పించారు. రెండో పాత్రకు అనుకున్న సావిత్రి గారు మేరీ అయ్యారు, ఆ రెండో పాత్ర జమున గారికి వెళ్ళింది. సినిమా 1955లో వచ్చింది. “ఆ గొడవ జరగకపోతే మనకు సావిత్రే లేదు” అని రాసేస్తారు చాలామంది. నేను ఒప్పుకోను. ‘దేవదాసు’ 1953లోనే వచ్చింది కదా! పార్వతిగా ఆమెను చూసేసిన జనం ఒక్క వేషం తప్పినంత మాత్రాన మర్చిపోతారా? కొంచెం ఆలస్యమయ్యేదేమో, అంతే.

నిజంగా మారేది మేరీ. ఉద్యోగం కోసం ఆడే ఉత్తుత్తి కాపురంలో ఇరుక్కుని చిరచిరలాడే ఆ అమ్మాయి కోపంలో సావిత్రి గారు ఒక చిన్న బెదురు పెట్టారు. పెదవి బిగించి రామారావు గారిని కసురుతున్నప్పుడు కూడా ఇంకో మాట ఎక్కువైతే ఏడ్చేస్తుందేమో అనిపిస్తుంది. భానుమతి గారి కోపంలో ఆ బెదురు ఉండదు. ఆమె మేరీ అయి ఉంటే ఆ ఇంట్లో అందరూ సర్దుకుని కూర్చునేవాళ్ళు, సినిమా ఇంకో రకం హాస్యం అయ్యేది. బహుశా అదీ గొప్పగానే ఉండేది. ఆమె పాటలు ఆమే పాడుకునేవారు కాబట్టి పి.లీల గొంతులో మనకు అలవాటైన మేరీ పాటలు ఆ గొంతులో ఉండేవి కావు. ఆ వెన్నెల పాటని ఇంకో గొంతులో ఊహించుకోవాలని ఎన్నోసార్లు కళ్ళు మూసుకుని ప్రయత్నించాను. ఇప్పటికీ కుదరలేదు.

ఇక జమున గారి సంగతి ఎవరూ ఎత్తరు. ఆమె 1989లో రాజమండ్రి నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు గెలిచారు. ఒక షూటింగ్ గొడవకూ ఒక పార్లమెంటు సీటుకూ ముడిపెట్టాలని నాకూ చెయ్యి దురదపెడుతుంది. పెట్టను. మధ్యలో ముప్పై నాలుగేళ్ళు, ఎన్నో సినిమాలు, ఆమె సొంత కష్టం ఉన్నాయి. దారం అంత దూరం లాగితే తెగుతుంది.

అలా తెగేదాకా లాగేది ఎక్కువగా 1956 గురించి. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో చెప్పిందేమిటి? తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచండి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో సరేనంటే అప్పుడు ఆంధ్రతో కలపండి అని. ఆ సలహాను పక్కనపెట్టి 1956 నవంబర్ 1న కలిపేశారు. ఆ ఐదారేళ్ళు ఆగి ఉంటే? సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాద్‌కే వచ్చేదా, పంపిణీదారుల ఆఫీసులన్నీ ఉన్న విజయవాడ గాంధీనగర్‌కి దగ్గర్లో ఆగిపోయేదా? నాచారంలో స్టూడియో ఉండేదా? అంతవరకు వెళ్ళి వెనక్కి వచ్చేస్తాను. నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: ఓటింగ్ జరిగి ఉంటే, ఫలితం ఏదైనా, “మమ్మల్ని అడిగారు” అనే మాట మిగిలేది. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం రోడ్ల మీదికొచ్చిన పిల్లల్లో ఎంతమందికి ఆ ఒక్క మాట సరిపోయేదో! ఇది రాస్తే రెండు వైపులా తిట్లు పడతాయని తెలుసు. పడనివ్వండి.

పీవీ గారి విషయం క్లుప్తంగా చెప్తాను. 1991 ఎన్నికల్లో ఆయన పోటీయే చెయ్యలేదు. మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరగకపోతే ప్రధాని అయ్యేవారు కాదు, అది నిజం. కానీ “ఆయన లేకపోతే ఆర్థిక సంస్కరణలే లేవు” అనేది మాత్రం తొందరపాటు. బంగారం తాకట్టు చంద్రశేఖర్ గారి ప్రభుత్వంలోనే మొదలైంది, ఖజానా ఖాళీ అయింది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అప్పులవాళ్ళు గుమ్మంలోనే ఉన్నారు. ఆయన గొప్పతనం ఆ పనిని మైనారిటీ ప్రభుత్వంతో, ఎక్కువ గొడవ లేకుండా నడిపించడంలో ఉంది. పరిస్థితి చేసినదాన్ని కూడా ఆయన ఖాతాలో వేస్తే, ఆయన నిజంగా చేసింది మనకు కనపడకుండా పోతుంది.

“అంతా తలరాత, జరగాల్సిందే జరిగింది” అంటే నాకు కోపం రావడానికి కారణం కూడా ఇదే. అది తలరాత అయితే ఆ ఆగస్టులో సంతకం పెట్టిన చెయ్యికి తప్పు లేదు, కిళ్ళీ కొట్టు ముందు నిలబడ్డ కుర్రాళ్ళకు గొప్పా లేదు. నేను ఆ రెండూ వదులుకోలేను.

మొన్న రాత్రి అన్నం తింటూ నాన్న ఉన్నట్టుండి అన్నారు: “సరే, గవర్నర్ సంగతి అలా ఉంచు. మేం ఎవరం రోడ్డెక్కలేదనుకో. అప్పుడు?” ఇద్దరం చేతులు ఎండిపోయేదాకా కూర్చుని లెక్కలు వేశాం.