తెల్లవారేసరికి ఫిల్టర్ తోడుకోదు

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త రాగానే చెన్నైలో అక్వేరియం చేపలు పెంచే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. మొదట ఎవరు రాశారో గాని, నవంబరు, డిసెంబరు నెలల్లో అది రాని ఏడాది లేదు. అందులో ఉన్నది ఇది:

"కరెంటు రెండు గంటలు పోతే ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా మొత్తం చచ్చిపోతుంది. పాత స్పంజి, రింగులు పారేసి కొత్తవి పెట్టండి. బ్యాక్టీరియా సీసా ఒకటి పోయండి. పాలకు తోడు వేసినట్టే, తెల్లవారేసరికి ఫిల్టర్ సిద్ధం. నీళ్లు మాత్రం మార్చవద్దు, పోసిన బ్యాక్టీరియా పోతుంది. నీళ్లు తెల్లగా మసకబారితే అది పనిచేస్తున్నట్టు గుర్తు. అమోనియా సున్నాకు వస్తే ఇక నిశ్చింత."

పోయిన వానాకాలంలో అంబత్తూరులో ఉండే మా బావమరిది దీన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. వంద లీటర్ల తొట్టి, నాలుగు ఏంజెల్ చేపలు. ఐదో రోజుకు ఒకటే మిగిలింది. "బావగారూ, సీసా నకిలీదంటారా?" అని ఫోనులో అడిగాడు. సీసా నకిలీది కానక్కరలేదు. అసలు సీసాతో కూడా ఈ సందేశం చేపల్ని చంపగలదు. నేను సీసాకు శత్రువును కాను, మా ఫ్రిజ్ తలుపులోనూ ఒకటి ఉంది. నా తగవు ఈ సందేశంతోనే.

మొదటి మాట, రెండు గంటల్లో మొత్తం చచ్చిపోతుందన్నది. చేపల విసర్జన, మిగిలిన మేత నుంచి అమోనియా అనే విషం పుడుతుంది. అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ తిరగదు. స్పంజి గోడలకు, సిరామిక్ రింగుల రంధ్రాలకు జిగురు పొరలా అంటుకుని ఉంటుంది. నీటి ప్రవాహం ఆగితే దానికి అందే ఆక్సిజన్ ఆగిపోతుంది, అది నిజమే. తొట్టి బయట మూత బిగించిన డబ్బాలా ఉండే కేనిస్టర్‌లో ఉన్న కాస్త ఆక్సిజన్‌ను అక్కడి మడ్డిని తినే ఇతర బ్యాక్టీరియా కొన్ని గంటల్లోనే ఖాళీ చేస్తుంది. అప్పుడు మన నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా పని మానేస్తుంది. పని మానేయడం వేరు, చావడం వేరు. పస్తులుండి ముడుచుకుని పడుకోవడం దానికి తెలుసు. కొంత నష్టం జరుగుతుంది, కానీ రోజుల తరబడి ఆగిన ఫిల్టర్‌లో కూడా బతికినవి చాలా మిగులుతాయి.

చేపలకు అసలు ముప్పు ఆ కేనిస్టర్‌లో కుళ్లిన నీళ్లతో. అమోనియా, కోడిగుడ్డు కుళ్లిన వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ అందులో పేరుకుని ఉంటాయి. కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరిగి ఆ నీళ్లను నేరుగా తొట్టిలోకి తోస్తుంది. చేపలు తేలితే నెపం మాత్రం "చచ్చిన బ్యాక్టీరియా" మీద పడుతుంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు పెరంబూరులో మా వీధికి రెండు రోజులకు పైగా కరెంటు లేదు. ఒక తొట్టిలోని స్పంజి ఫిల్టర్‌కు బ్యాటరీ ఎయిర్ పంపు తగిలించాను, దానికి ఏమీ కాలేదు. వీధిలో మోకాలి లోతు నీళ్లు, ఇంట్లో ముసలివాళ్లు, ఆ హడావుడిలో రెండో తొట్టి కేనిస్టర్‌ను మరిచిపోయాను. మూడో రోజు మూత తీస్తే ముక్కు మూసుకోవలసి వచ్చింది. లోపలి నీళ్లన్నీ పారబోసి, తొట్టి నీళ్లు బకెట్‌లోకి తీసి, రింగుల్ని అందులో రెండుసార్లు జాడించి మళ్లీ పెట్టాను. మర్నాడు పరీక్షలో అమోనియా 0.5 పీపీఎం (లీటరుకు అర మిల్లీగ్రాము) చూపించింది. ఆరో రోజుకు సున్నా. సీసా మూత తీయలేదు.

అందుకే రెండో మాట, పాత స్పంజి పారేయమన్నది, మొత్తం సందేశంలో అతి చెడ్డది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు. సగం చచ్చిన స్పంజిలో ఉండే బ్యాక్టీరియా మీ తొట్టి నీటికి, మీ చేపల మేతకు ఇప్పటికే అలవాటు పడ్డది. దాన్ని కుళాయి కింద కడగడం కూడా పారేయడానికి తమ్ముడే. మెట్రో వాటర్ నీళ్లలో క్లోరిన్ ఉండేది సూక్ష్మజీవులను చంపడానికే కదా! తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే జాడించాలి.

ఇక తోడు పోలిక. సందేశం ఇంతగా పాకడానికి కారణం ఇదేనని నా అనుమానం. తెలుగు ఇంట్లో పుట్టిన వారెవరికైనా చెంచాడు తోడు గిన్నెడు పాలను ఏం చేస్తుందో తెలుసు. పోలిక అందంగా ఉంది, లెక్క తప్పింది. గోరువెచ్చని పాలలో తోడు బ్యాక్టీరియాకు చుట్టూ విందుభోజనమే. గంట అటూ ఇటుగా రెట్టింపవుతూ పోతుంది. నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా బతుకు అలాంటిది కాదు. అమోనియాను ఆక్సిజన్‌తో మండించి వచ్చే పిడికెడు శక్తితో, నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ నుంచి తన ఒళ్లు తానే కట్టుకోవాలి. ఒక్కసారి రెట్టింపు కావడానికి దానికి అనుకూల పరిస్థితుల్లోనే అర రోజు నుంచి ఒక రోజు పడుతుంది, ఇళ్లలోని తొట్టెల్లో ఇంకా ఎక్కువ. కావలసిన దానిలో నూరో వంతే ఉందనుకోండి. నూరు రెట్లు కావాలంటే దాదాపు ఏడుసార్లు రెట్టింపు కావాలి. పాలలో అది ఒక రాత్రి పని, ఫిల్టర్‌లో కనీసం వారం పని.

ఆ వారంలో అమోనియా ఊరుకోదు. గ్రాము మేత వేస్తే అందులో సుమారు 30 మిల్లీగ్రాములు అమోనియా నైట్రోజన్‌గా బయటికి వస్తుందని చేపల పెంపకంలో వాడే మోటు లెక్క. రోజుకో గ్రాము వేస్తే వంద లీటర్లలో అది రోజుకు 0.3 పీపీఎం. దాన్ని నైట్రేట్ దాకా తీసుకుపోవాలంటే ప్రతి మిల్లీగ్రాముకు దాదాపు నాలుగున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. గాలి బుడగలు లేని తొట్టిలో ఎంత మంచి సీసా పోసినా పొయ్యి వెలిగించకుండా ఎసరు పెట్టినట్టే.

సీసాలో ఎవరున్నారన్నది ఇంకో ప్రశ్న. సందేశం అన్ని సీసాలనూ ఒకే గాటన కట్టేసింది. దుకాణాల్లో అమ్మేవాటిలో చాలా వాటిలో ఉండేది బాసిల్లస్ జాతి. అది గింజలాంటి సిద్ధబీజంగా మారి ఏళ్ల తరబడి షెల్ఫు మీద ఉండగలదు. మడ్డిని, మిగిలిన మేతను తింటుంది. అది పనికొచ్చే పనే, కానీ మాంసకృత్తులను విడగొట్టేటప్పుడు అదే అమోనియా వదులుతుంది కూడా. నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా సిద్ధబీజాలు కట్టదు. అది సీసాలో బతికుంటే బతికున్నట్టు, లేకపోతే లేనట్టు. మే నెలలో 40 డిగ్రీల ఎండలో డెలివరీ స్కూటరు మీద ఊరంతా తిరిగి వచ్చిన సీసాలో ఎంత మిగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

లేబుల్ మీది పేర్లు కూడా చూడండి. మంచినీటి తొట్టెల్లో నైట్రైట్‌ను తినేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం అందరూ నమ్మారు. 1998లో టిమొతీ హోవానెక్ బృందం తొట్టెల్లో వెతికితే ఆ పని చేస్తూ కనిపించింది నైట్రోస్పైరా. 2015లో అమోనియా నుంచి నైట్రేట్ దాకా రెండు మెట్లూ ఒక్కతే ఎక్కే నైట్రోస్పైరా జాతులు కూడా బయటపడ్డాయి. వాటిలో కొన్నింటిని పట్టుకున్నది చేపల పెంపక వ్యవస్థకు చెందిన ఫిల్టర్‌లోనే.

సీసాలో ప్రాణం ఉందో లేదో తేల్చుకోవడానికి రెండు బకెట్లు చాలు. రెండింటిలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసిన నీళ్లు, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్, అమోనియా 2 పీపీఎం వచ్చేంత అమ్మోనియం క్లోరైడ్. ఒకదానిలో సీసా మోతాదు వేసి, రెండోదాన్ని అలాగే వదిలేయాలి. నేను రెండు రకాల సీసాలతో ఇలా చూశాను. ఒకటి ఆరో రోజుకు అమోనియాను దించింది, నైట్రైట్ పెరిగింది, అంటే లోపల పని జరిగింది. రెండోది పదో రోజుకు కూడా ఉత్త బకెట్‌కు భిన్నంగా ఏమీ చేయలేదు. ధర మాత్రం దీనిదే ఎక్కువ.

నీళ్లు మార్చవద్దన్న మాటే మా బావమరిది చేపల్ని బలిగొన్నదని నా నమ్మకం. ఒక చిన్న నిజం ఇందులో ఉంది. సీసా పోసిన మొదటి రోజు అందులోని బ్యాక్టీరియా ఇంకా దేనికీ అంటుకోకుండా తేలుతుంటుంది కాబట్టి ఆ రోజు ఆగితే మంచిది. ఫిల్టర్‌లోనే నేరుగా పోస్తే ఇంకా మంచిది. ఆ తర్వాత నీళ్లు మార్చినంత మాత్రాన పోయేది ఏమీ లేదు. అమోనియా పెరిగితే ఆ మొదటి రోజు కూడా ఆగనవసరం లేదు. అతని ఇంట్లో బోరు నీళ్లు, పిహెచ్ 8. మనం పరీక్షలో చూసే అమోనియా అంతా విషం కాదు. 28 డిగ్రీల దగ్గర పిహెచ్ 7 ఉంటే అందులో ఒక శాతం కూడా విషరూపంలో ఉండదు, పిహెచ్ 8 అయితే ఆరు శాతం దాటుతుంది. అతని తొట్టిలో 2 పీపీఎం వచ్చింది, ఐదు రోజులు అలాగే ఉంచాడు. రోజూ సగం నీళ్లు మార్చి, మేత ఆపేసి ఉంటే నాలుగూ బతికేవేమో. ఎదిగిన చేప నాలుగైదు రోజులు తినకపోతే ఏమీ కాదు. మనవాళ్లకు చేపను పస్తుంచడమంటే ప్రాణం ఒప్పుకోదు, అదొక చిక్కు.

మసకనీళ్ల సంగతి రెండు ముక్కల్లో ముగించవచ్చు. పాలలా కనిపించే ఆ మసక నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియాది కాదు. మురికిని తినే ఇతర బ్యాక్టీరియా నీళ్లలో ఒక్కసారిగా పెరిగితే అలా అవుతుంది. అది చేపల ఆక్సిజన్‌లో వాటా అడుగుతుంది. అప్పుడు గాలి పెంచాలి, సంబరపడకూడదు.

చివరిది, అమోనియా సున్నా అయితే నిశ్చింత అన్నది. మా బావమరిది తొట్టిలో మూడో వారానికి అమోనియా నిజంగానే సున్నాకు వచ్చింది. "గెలిచాం బావగారూ" అన్నాడు. రెండు రోజులకు మిగిలిన ఆ ఒక్క ఏంజెల్ పైకి వచ్చి నోరు తెరుస్తోందని మళ్లీ ఫోను. నైట్రైట్ చూడమంటే 2 పీపీఎం. మొదటి మెట్టు సిద్ధమై రెండో మెట్టు ఇంకా కట్టని మధ్యకాలం అది. నైట్రైట్ రక్తంలోకి వెళితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేదు, మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. సగం నీళ్లు మార్పించి, మూడు టీ స్పూన్ల ఉప్పు, అంటే సుమారు 17 గ్రాములు, కరిగించి పోయమన్నాను. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోకుండా అడ్డుకుంటుంది.

మర్నాడు మా కేనిస్టర్‌లోంచి రెండు గుప్పిళ్ల రింగులు పాలిథీన్ సంచిలో తొట్టి నీళ్లతో సహా వేసుకుని పెరంబూరులో లోకల్ రైలు ఎక్కాను. నడుస్తున్న ఫిల్టర్ నుంచి తెచ్చుకున్న రింగులకు సాటి వచ్చే సీసాను నేను ఇంతవరకు చూడలేదు. ఇచ్చేవాళ్ల చేపలకు రోగాలు లేవని చూసుకుంటే చాలు. నాలుగు రోజుల్లో అతని నైట్రైట్ దిగింది. మామూలు మేత వేస్తూ వారం పాటు అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించిన తర్వాతే అక్వేరియం చేపలు అమ్మే కొళత్తూరు వెళ్లి టెట్రా చేపలు కొన్నాడు, అవి కూడా వారానికి రెండేసి చొప్పున.