పట్టే తప్ప విడుపు తెలియని ముందు బ్రేకు గారికి

మహారాజశ్రీ ముందు చక్రాన్ని పట్టి ఆపే కాలిపర్ గారి సముఖమునకు, యార్క్‌షైర్‌లో ఓ గ్యారేజీలో చలికి వణుకుతూ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనాలి గాని, మీరు క్షేమంగా ఉంటే నాకు క్షేమం ఉండదని తేలిపోయింది కాబట్టి ఆ మాట మానేస్తున్నాను.

తమరి ఉద్యోగం ఏమిటో ఓసారి గుర్తు చేస్తాను. మీరున్నది ట్రయల్స్ బండి మీద. కూర్చోడానికి సీటుండదు, బరువు 70 కిలోలకు అటూ ఇటూ. ఈ ఆటలో పందెం వేగానికి కాదు. రాళ్ల మీదుగా, వాగులో, బురదగట్ల మీద కాలు కింద పెట్టకుండా పోవాలి. ఒకసారి పెడితే 1 పాయింటు, రెండుసార్లకు 2, ఆపైన ఎన్నిసార్లు పెట్టినా 3, పడితే 5. చివరికి తక్కువ పాయింట్లు ఉన్నవాడిదే గెలుపు. ఫోన్లో ఇదంతా వివరిస్తే మా అమ్మ, "మార్కులు తక్కువొస్తే గెలిచినట్టా? నీకు చిన్నప్పుడే నేర్పించాల్సిన ఆట రా ఇది" అంది.

మనిషి నడిచేంత వేగంలో సాగే ఇలాంటి ఆటలో మీ పని ఎంత? నేను ఒక్క వేలితో లివర్ లాగితే పట్టుకోవాలి, వేలు తీస్తే వదలాలి. మొదటి సగం అద్భుతంగా చేస్తారు. రెండో సగం దగ్గరే మీకు ఉడుం పూనుతుంది.

పోయిన నవంబరులో ఓ ఆదివారం మొదటి రౌండంతా బుద్ధిగానే ఉన్నారు. రెండో రౌండులో పొడుగాటి దిగుడు దిగి వాగులోకి వచ్చాం. నాచు పట్టిన బండ ఎక్కబోతూ వేలు తీశాను. మీరు తీయలేదు. చక్రం అక్కడే ఆగింది, నేను మాత్రం ముందుకు వెళ్లాను. నడుం లోతు నీళ్లలోంచి లేచేసరికి గట్టు మీదున్న పెద్దాయన నా కార్డులో 5 వేసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుంటున్నాడు. నవ్వనైనా నవ్వలేదు. 1914లో షిప్లీలో మోటారుసైకిళ్లు తయారుచేసే ఆల్‌ఫ్రెడ్ స్కాట్ తన కార్ఖానా పనివాళ్లను ఈ కొండల మీదికి పందేనికి తోలాడు. అప్పట్నుంచీ ఈ ప్రాంతం వాళ్లు మనుషులు వాగులో పడటం చూస్తూనే ఉన్నారు. కొత్తేముంది?

అంతకంటే ఒళ్లు మండేది ఇంకొకటుంది. ఇంటికి తెచ్చి స్టాండు మీద ఎక్కించగానే చక్రం గిర్రున తిరిగింది! రాత్రంతా జ్వరంతో మూలిగిన పిల్లాడు డాక్టరు గదిలోకి వెళ్లగానే ఎగిరి గంతులేసినట్టు.

అయినా మిమ్మల్నే అనుమానించాను. విప్పాను. బ్రేకు ప్యాడ్లను నొక్కే పిస్టన్లు బయటికి తీసి పాత టూత్‌బ్రష్‌తో తోమాను. సీళ్లు కూర్చునే గాడుల్లో తెల్లగా పేరుకున్న ఉప్పులాంటి తుప్పు గీకాను. అది సీలుని వెనకనుంచి ఎగదోసి పిస్టన్ని బిగిస్తుందట. అప్పుడే తెలిసింది, మీలో స్ప్రింగు లేనే లేదని. లివర్ లాగినప్పుడు నలుపలకల రబ్బరు సీలు పిస్టన్‌తోపాటు కాస్త వంగుతుంది. వదిలితే తన ఆకారానికి తాను వస్తూ పిస్టన్ని వెంట లాక్కొస్తుంది. ఇంత ప్రాణాంతకమైన వ్యవహారమూ ఓ రబ్బరు ముక్క మొహమాటం మీద నడుస్తోంది! కొత్త సీళ్లు, కొత్త ప్యాడ్లు వేశాను. బ్రేక్ ఆయిల్ కూడా మార్చాను. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం, తేమ పీల్చాక ఆ పూచీ 155కి దిగుతుంది. నాది దాహం తీరా తాగి, టీ డికాషన్ రంగుకు తిరిగి ఉంది.

మళ్లీ ఆదివారం. మళ్లీ రెండో రౌండు. మళ్లీ ఉడుం.

ఈసారి అక్కడికక్కడే మీ ఆయిల్ బయటికి వదిలే మర, బ్లీడింగ్ నిపిల్, కాస్త వదులు చేశాను. ఆయిల్ చివ్వున చిమ్మి చక్రం తిరిగింది. అంటే మీరు వదలకపోవడం కాదు, పైనుంచి ఎవరో మిమ్మల్ని వదలనివ్వడం లేదన్నమాట. కాలిపర్ గారూ, క్షమించండి. కింది గుమస్తాను పట్టుకుని తిట్టిపోశాను, ఫైలు ఆగింది పై ఆఫీసులో.

కాబట్టి ఈ ఉత్తరం మీది చిరునామా కొట్టేసి, పైనుంచి మీకు ఆయిల్ తెచ్చే హోస్ పైపు గారి పేర రాశాను. లోపలి రబ్బరు ఉబ్బితే ఆయిల్‌ని పోనిచ్చి రానివ్వకుండా తలుపులా మూస్తారని విన్నాను. పైపు పై చివర బిగించే బాంజో బోల్టు వదులు చేసి చూస్తే నిజం తేలేది. కానీ పరీక్షించడం కంటే కొనడం తేలిక గనక కొత్త పైపు కొన్నాను. ఫలితం మీకు తెలుసు.

దాంతో ఆ చిరునామా కూడా కొట్టేసి, లివర్ లాగితే ఆయిల్‌ని కిందికి తోసే మాస్టర్ సిలిండర్‌లోని బుల్లి రంధ్రం గారి పేర రాశాను. మిల్లీమీటరు కూడా లేని తమరే దీనంతటికీ కర్త. లివర్ వదిలితే పిస్టన్ పూర్తిగా వెనక్కి జరిగి తమరి వాకిలి తెరుచుకోవాలి, పీడనం పైడబ్బాలోకి పోవాలి. వాకిలి మూసుకుంటే వేడికి పెరిగిన ఆయిల్‌కి దారి ఉండదు. ప్యాడ్లు రాసుకుంటాయి, రాసుకుంటే వేడి, వేడికి ఇంకా బిగువు. మొదటి రౌండు బాగుండటం, ఇంటికొచ్చి చల్లారాక చక్రం తిరగడం, అన్నీ అర్థమయ్యాయి. తమరిలో చెత్త పేరుకుందని, పొడవడానికి సన్నటి రాగి తీగ కూడా సిద్ధం చేశాను.

ఆ పెన్సిలు పెద్దాయన వచ్చి నా తీగను పక్కన పెట్టించాడు. డబ్బా మూత తీయించి, లివర్‌ని మెల్లగా లాగి చూశాడు. రంధ్రం తెరిచి ఉంటే లాగడం మొదలుపెట్టగానే ఆయిల్ మీద చిన్న బుడగలాంటి కదలిక కనబడాలట. కదలిక లేదు. జేబులోంచి అలెన్ కీ తీసి లివర్ దగ్గరి స్క్రూని ఓ చుట్టు వెనక్కి తిప్పాడు. మళ్లీ లాగాడు. ఆయిల్ మీద బుడుంగున అల.

"దీన్ని ఎవరు బిగించారు?" అన్నాడు.

సెప్టెంబరులో లివర్ వదులుగా ఉందని, ఆ రెండు మిల్లీమీటర్ల ఖాళీ నా మర్యాదకు తక్కువని, బిగించింది నేనే. దాంతో పిస్టన్ తన చోటికి ఎప్పుడూ పూర్తిగా రాలేదు. ఈ సంగతి ఆయనతో చెప్పలేదు. "కొన్నప్పుడే అలా ఉందనుకుంటా" అన్నాను. 2016లో ట్రయల్స్ ఛాంపియన్ డౌగీ లాంప్‌కిన్, ఇక్కడి సిల్స్‌డెన్ వాడే, మాన్ ద్వీపంలో టీటీ బైకు పందేలు జరిగే దారి మొత్తం, 37 మైళ్ల పైచిలుకు, వెనక చక్రం మీదే చుట్టొచ్చాడు. ముందు బ్రేకు లేకపోయినా మనుషులు బతుకుతారని పెద్దాయనకు గుర్తు చేశాను. ఈసారి నవ్వాడు.

ఇట్లు,
తమ విధేయుడు, కొత్త ప్యాడ్లూ కొత్త సీళ్లూ కొత్త పైపూ ఉన్నవాడు.

తా.క.: లివర్ మళ్లీ కాస్త వదులుగా అనిపిస్తోంది. మా ఆవిడ అలెన్ కీలు ఎక్కడ దాచిందో మీకేమైనా తెలుసా?